నిలిచి ఉన్న ఇంజనును ఫోటో తీయడం

(ఫోటోగ్రఫీ అభ్యాసకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభకు నమస్కారం.

పాత రైలు ఇంజన్లను మ్యూజియంలో ఎలా ఫోటో తీయాలన్నది నేటి నా ప్రసంగ విషయం. ఉదాహరణలు దాదాపు అన్నీ ఒకే చోటు నుంచి, అంటే న్యూఢిల్లీ చాణక్యపురిలో ఉన్న జాతీయ రైలు మ్యూజియం నుంచి తీసుకుంటాను. మైసూరులోనూ, చెన్నై పెరంబూరులోనూ, హౌరాలోనూ రైలు మ్యూజియాలు ఉన్నాయి, నేను చెప్పేవి అక్కడా పనికివస్తాయి. అయితే బ్రాడ్ గేజి, మీటర్ గేజి, నారో గేజి (గేజి అంటే పట్టాల మధ్య వెడల్పు) ఇంజన్లు, ఒంటి పట్టా మీద నడిచిన బండి, తొలినాటి కరెంటు ఇంజన్లు, రాజుల సెలూన్లు (వారి ప్రత్యేక రైలు పెట్టెలు) ఒకే ఆవరణలో నడుచుకుంటూ చూడగలిగిన చోటు కాబట్టి నేర్చుకునేవారికి ఢిల్లీ మ్యూజియమే ఎక్కువ అనువుగా ఉంటుందని నా అభిప్రాయం.

ఆ మ్యూజియానికి 1971లో శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి గారు. 1977 ఫిబ్రవరి 1న అది ప్రారంభమైంది. రాష్ట్రపతి హోదాలో ఎవరైనా శంకుస్థాపన చేయవచ్చు కానీ, గిరి గారి విషయంలో దానికి ఇంకొక అర్థం ఉంది. ఆయన ప్రజాజీవితం తొలి రోజుల్లోనే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టి, ఉద్యోగాల నుంచి తొలగించిన కార్మికుల పక్షాన 1928 నాటి సమ్మెకు నాయకత్వం వహించారు. వాల్తేరు దాకా వచ్చిన రైల్వే అది. ఆ కంపెనీ నడిపిన అతి పెద్ద ఇంజన్లలో ఒకటి ఇప్పుడు ఆ మ్యూజియం ఆవరణలోనే ఉంది. దాన్ని ఫోటో తీయడం గురించి కాస్త తరువాత వివరంగా చెబుతాను.

పరుగెత్తే బండిని ఫోటో తీసేవాడికి పొగ, ఆవిరి, వేగం, చుట్టూ ఉన్న పొలాలు, వంతెనలు అన్నీ సాయం చేస్తాయి. మ్యూజియంలో నిలిచి ఉన్న ఇంజనుకు అవేవీ ఉండవు. పైపెచ్చు దాని మీద కొత్త రంగు వేసి ఉంటుంది, చుట్టూ కంచె ఉంటుంది, పక్కన పిల్లలు ఐస్‌క్రీము తింటూ ఉంటారు. ఈ లోటును పూడ్చుకోవడానికి కొందరు ఫోటోను కంప్యూటరులో దిద్ది లేని పొగను అతికిస్తారు, కెమెరాను ఓరగా వంచి వేగం ఉన్నట్టు భ్రమ కల్పిస్తారు. నాకు ఆ పద్ధతి అసలు నచ్చదు. పరుగెత్తేటప్పుడు మనకు ఇవ్వని సమయాన్ని నిలిచి ఉన్న ఇంజను మనకు ఇస్తుంది. దాని చుట్టూ తిరగవచ్చు, మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల మధ్యకు చూడవచ్చు, ఏ భాగం దేనికి తగిలి ఏది కదిలేదో నిదానంగా తెలుసుకోవచ్చు. కనుక ఫోటో చూసినవారికి ఆ యంత్రం బరువును ఎలా లాగిందో అర్థం కావాలి. ఈ ఒక్క ప్రమాణంతోనే మనం ఎక్కడ నిలబడాలి, ఏ వెలుతురులో తీయాలి, ఏది వదిలేయాలి అన్నవన్నీ నిర్ణయించుకోవచ్చు.

మొదట వెలుతురు సంగతి. బొగ్గు ఇంజన్లు ఎక్కువగా నల్లగా ఉంటాయి. కెమెరాలోని మీటరు తన ముందున్నది ఏదైనా మధ్యస్థమైన బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేము నిండా నల్లని బాయిలరే ఉంటే, వెలుతురు చాలలేదని భ్రమపడి ఎక్స్‌పోజర్ పెంచుతుంది. అప్పుడు నలుపు వెలిసిన గొడుగు గుడ్డలా కనబడుతుంది, వెనకాల ఆకాశం తెల్లగా కాలిపోతుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు మేర, అంటే వెలుతురు సగమయ్యేలా, తగ్గించి తీయడం అలవాటు చేసుకోవాలి. అయితే తగ్గించినప్పుడు చక్రాల వెనుక, ఫ్రేము కింద ఉన్న నీడ పూర్తిగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. మనకు కావలసిన యంత్రభాగాలన్నీ ఆ నీడలోనే ఉంటాయి. రా ఫైలుగా (కెమెరా దిద్దని మూల ఫైలుగా) తీస్తే ఆ నీడను తరువాత కొంత తెరవవచ్చు. అంతకంటే మంచి ఉపాయం, నీడ తక్కువగా పడే రోజునూ వేళనూ ఎంచుకోవడం.

ఢిల్లీలో జూన్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 85 డిగ్రీల ఎత్తున, అంటే నడినెత్తిన ఉంటాడు. బాయిలరు పైభాగం మెరిసిపోతుంది, దాని కింద చక్రాలన్నీ చీకట్లో కలిసిపోతాయి. డిసెంబరు చివర అదే మధ్యాహ్నం సూర్యుడు 38 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. ఆ వాలు వెలుతురు రన్నింగ్ బోర్డు (బాయిలరు పక్కన ఉండే నడకబల్ల) కిందికి దూరి రాడ్ల మీద, చక్రాల ఆకుల మీద పడుతుంది. మ్యూజియం తలుపులు ఉదయం 10 గంటలకు గానీ తెరవరు కాబట్టి సూర్యోదయపు వెలుగు మనకు దొరకదు. చలికాలంలో మాత్రం ఆ లోటు అంతగా తెలియదు. పలుచని మంచు పట్టిన రోజైతే మరీ మంచిది, ఎండ చెదిరి నలుపులోని అంచులన్నీ మెత్తగా విడివడి కనబడతాయి. మొత్తం ఇంజనును చూపదలచుకున్నప్పుడు నేను మబ్బు పట్టిన రోజునే కోరుకుంటాను. రివెట్లు, రేకుల అతుకులు, అక్షరాలు చూపదలచుకుంటే పక్కనుంచి గీరుతున్నట్టు పడే ఎండ కావాలి.

ఇక రాడ్ల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఆవిరి ఇంజను ఫోటో బాగుందా లేదా అనేది చాలావరకు ఇక్కడే తేలుతుంది. సిలిండరులో ఆవిరి పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ తోస్తుంది. ఆ కదలికను కనెక్టింగ్ రాడ్ అందుకుని చక్రం మీది క్రాంక్ పిన్‌కు చేరవేస్తుంది. అక్కడ నుంచి కప్లింగ్ రాడ్ మిగతా చక్రాలన్నింటినీ కలిపి తిప్పుతుంది. నిలిచి ఉన్న ఇంజనులో ఈ రాడ్లు ఏదో ఒక స్థితిలో ఆగి ఉంటాయి. రాడ్ కింది స్థానంలో ఆగి ఉంటే చక్రాల ఇరుసులు, ఆకులు, పైన వాల్వ్ గేర్ (సిలిండరులోకి ఆవిరిని వదిలే కవాటాలను కదిలించే కడ్డీలు) అంతా అడ్డు లేకుండా కనిపిస్తాయి. అందుకే రైళ్ళను ఫోటో తీసేవారు రాడ్ కింద ఉన్న క్షణం కోసం కాచుకుంటారు. మ్యూజియంలో మనం ఆ క్షణాన్ని ఎంచుకోలేం, ఇంజనును అక్కడ ఎలా ఆపారో అలాగే ఉంటుంది.

అయితే ఇంజనుకు రెండో వైపు కూడా ఉందని చాలామంది మరచిపోతారు. రెండు సిలిండర్ల ఇంజనులో కుడివైపు క్రాంకు, ఎడమవైపు క్రాంకు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో బిగించి ఉంటాయి. సైకిలు పెడళ్ళు ఎదురెదురుగా 180 డిగ్రీల తేడాలో ఉంటాయి, కాబట్టి ఒక పెడలు సరిగ్గా పైన, ఇంకొకటి సరిగ్గా కింద ఆగినప్పుడు తొక్కి బయలుదేరడం కష్టమని మనందరికీ తెలుసు. రైలింజనుకు అటువంటి చిక్కు రాకూడదు, వందల టన్నుల బండిని అది ఎక్కడ ఆగి ఉన్నా అక్కడి నుంచే కదిలించాలి. ఒకవైపు పిస్టన్ బలం ఇవ్వలేని చివరి స్థానంలో ఉంటే, రెండోవైపు పిస్టన్ పూర్తి బలం ఇవ్వగలిగే స్థానంలో ఉండేలా ఆ 90 డిగ్రీల ఏర్పాటు చేశారు. దీనివల్ల మనకొక లాభం కలుగుతోంది. ఒకవైపు రాడ్ పైకి లేచి చక్రాలను కప్పేసి ఉంటే, రెండోవైపు అది వేరే స్థితిలో ఉండి తీరుతుంది. కాబట్టి కెమెరా బయటికి తీయకముందు ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. వీలైతే రెండు వైపులా ఒకే దూరం నుంచి, ఒకే లెన్సుతో తీసి, ఆ రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టండి. ఇంజనీరింగ్ చదవని వారికి సైతం ఆ రెండు ఫోటోలు చూడగానే రాడ్ల స్థితిలోని తేడా తెలుస్తుంది, ఎందుకలా అని అడుగుతారు.

లెన్సు విషయానికి వస్తే, దగ్గర నిలబడి వెడల్పు కోణపు లెన్సుతో మొత్తం ఇంజనును ఇరికించాలన్న కోరికను అణచుకోవాలి. ముందు బఫర్లు (తాకిడిని తట్టుకునే గుండ్రని దిమ్మలు) ఉబ్బిపోతాయి, వెనుక క్యాబిన్ అగ్గిపెట్టెలా చిన్నదైపోతుంది, ఫ్రేము అంచున ఉన్న చక్రాలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో సాగుతాయి. తయారుచేసినవారు చక్రం వ్యాసాన్ని ఎంతో లెక్క చూసి నిర్ణయిస్తారు, పెద్ద చక్రం వేగానికి, చిన్న చక్రం బరువు లాగడానికి. ఆ ఆకారాన్ని చెడగొడితే ఆ ఇంజను ఏ పనికోసం పుట్టిందో ఫోటోలో తెలియదు. యాభై నుంచి ఎనభై ఐదు మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకుని, స్థలం ఉన్నంతవరకు వెనక్కి జరగండి. చెట్టో, స్తంభమో అడ్డం వస్తే ఇంజనులో ఒక భాగాన్నే తీయండి, నష్టం లేదు.

వెనక్కి జరిగినా లొంగని ఇంజను ఒకటి ఉంది, నేను ముందు చెప్పిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఎన్ తరగతి గారట్, నంబరు 815. మాంచెస్టరులోని బేయర్ పీకాక్ కంపెనీ తయారుచేసింది. సుమారు 230 టన్నుల బరువు, మొత్తం ఇరవై నాలుగు చక్రాలు. మన దేశంలో నడిచిన ఆవిరి ఇంజన్లలో ఈ తరగతే అన్నిటికన్నా బరువైనది. బొగ్గు గనుల ప్రాంతంలో భారీ గూడ్సు బండ్లను లాగడానికి వీటిని తెప్పించారు. మామూలు ఇంజనులో బాయిలరు చక్రాల మీద కూర్చుంటుంది. గారట్‌లో ముందొక చక్రాల సముదాయం, వెనకొక చక్రాల సముదాయం ఉంటాయి. ఆ రెండింటి నడుమ వంతెనలా వేసిన చట్రం మీద బాయిలరు ఉంటుంది. బాయిలరు కింద చక్రాలు లేవు కాబట్టి కొలిమిని లోతుగా, వెడల్పుగా కట్టగలిగారు. బరువు అనేక ఇరుసుల మీదికి పంచబడింది కాబట్టి పట్టాలూ వంతెనలూ తట్టుకున్నాయి. రెండు సముదాయాలూ వేర్వేరుగా తిరగగలవు కాబట్టి అంత పొడవున్నా వంపుల్లో నడిచింది.

ఈ ఇంజనును ఒకే ఫోటోలో చూపాలని ప్రయత్నించేవారికి సాధారణంగా పొడవు మాత్రమే దక్కుతుంది. పొడుగాటి నల్లని గోడ ఒకటి కనబడుతుందే తప్ప, దాని తెలివి కనబడదు. నా సలహా ఏమంటే, బాయిలరు చట్రం ముందు సముదాయం మీద ఆని తిరిగే కీలు దగ్గరికి వెళ్ళి, నేలకు దగ్గరగా కూర్చుని, ఒక పక్క చక్రాలు ముగిసే చోటును, మరొక పక్క బాయిలరు కింద ఉన్న ఖాళీని కలిపి ఒక ఫ్రేములో పట్టండి. ఆ ఖాళీలోంచి అవతలి వెలుతురు కనబడుతుంది. బాయిలరు గాలిలో వేలాడుతున్నదన్న సంగతి ఆ ఫోటో చూస్తే క్షణంలో తెలుస్తుంది. ఆ తరువాత పక్కనుంచి, కొంచెం దూరంగా, ముందు నీళ్ళ ట్యాంకు, నడుమ బాయిలరు, వెనుక బొగ్గు నిల్వ వరుసగా మూడు ఫోటోలు తీసి అతికిస్తే పూర్తి రూపం వస్తుంది. మూడింటికీ ఎక్స్‌పోజర్ ఒకటే ఉండాలి, కెమెరా ఎత్తు మారకూడదు.

పరిమాణంలో దీనికి పూర్తిగా వేరైనది పటియాలా రాష్ట్రపు ఒంటి పట్టా బండి. దాని ఇంజనును 1909లో బెర్లిన్‌లోని ఓరెన్‌స్టైన్ అండ్ కోపెల్ కంపెనీ తయారుచేసింది. యూయింగ్ పద్ధతి అనే ఏర్పాటు ప్రకారం బండి బరువులో చాలా భాగం ఒకే పట్టా మీద మోపి ఉంటుంది. పక్కన ఒక పెద్ద చక్రం రోడ్డు మీద దొర్లుతూ బండి పడిపోకుండా నిలబెడుతుంది. మొదట్లో కంచరగాడిదలు కూడా ఈ బండ్లను లాగాయి. 1927 నాటికి ఆ మార్గం మూతపడింది. తరువాత చాలా ఏళ్ళు మరుగున పడి ఉన్న ఇంజనును వెలికితీసి, ఉత్తర రైల్వే అమృతసర్ వర్క్‌షాపులో నడిచే స్థితికి తెచ్చారు. దీన్ని పక్కనుంచి తీస్తే మామూలు చిన్న ఇంజనులాగే ఉంటుంది. తప్పనిసరిగా ఎదురుగా నిలబడి, కెమెరాను మోకాలి ఎత్తుకు దించి తీయాలి. అప్పుడే కింద ఉన్న ఒక్క పట్టా, పక్కనున్న రోడ్డు చక్రం, ఆ రెండింటి మధ్య ఒరగకుండా నిలిచిన ఇంజను, మూడూ ఒక్కచోట కనిపిస్తాయి. దాన్ని ఆవిరితో నడిపే రోజున మీరు అక్కడ ఉండగలిగితే షట్టరును ముప్ఫయ్యో వంతు సెకనుకు తగ్గించి, బండితోపాటు కెమెరాను తిప్పుతూ తీయండి. మనిషి నడకంత వేగమే కాబట్టి ఇంజను స్పష్టంగా నిలుస్తుంది, రోడ్డు చక్రం ఆకులు మాత్రం తిరుగుతున్నట్టు చెదురుతాయి.

నా దృష్టిలో ఆ మ్యూజియంలో అందరూ ఆగవలసిన చోటు ఎఫ్ 734 అనే మీటర్ గేజి ఇంజను. 1895లో అజ్మీరు వర్క్‌షాపులో తయారైంది. మన దేశంలోనే పూర్తిగా తయారైన తొలి రైలింజనుగా దానికి పేరు. చూడడానికి చిన్నది, ఆడంబరం లేనిది. పక్కనే పెద్ద ఇంజన్లు ఉండడంవల్ల జనం దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు. ఇటువంటి ఇంజను దగ్గర పేరుపలక, నంబరుపలకల ఫోటో మొత్తం ఇంజను ఫోటో అంత విలువైనది. ఏళ్ళ తరబడి రంగు మీద రంగు వేయడంవల్ల పోత అక్షరాల అంచులు పూడుకుపోయి ఉంటాయి. ఎదురుగా ఫ్లాషు వేస్తే అక్షరాలు పలకలో కలిసిపోతాయి. కెమెరాను పలకకు సరిగ్గా ఎదురుగా, సమానంగా నిలిపి, వెలుతురును మాత్రం ఒక పక్కనుంచి పంపాలి. ఎండ ఆ వైపు లేకపోతే ఒక తెల్ల కాగితాన్ని పలక పక్కన నిటారుగా పట్టుకుని ఎండను దాని మీదికి మళ్ళించండి, లేదా చిన్న టార్చిలైటును దాదాపు పలకను తాకేంత ఓరగా పట్టండి. ప్రతి అక్షరానికీ ఒకవైపు సన్నని నీడ పడుతుంది, కంటికి ఆనని అంకె కూడా ఫోటోలో చదవగలుగుతాం.

మిగతావాటిని త్వరగా చెబుతాను. సింద్రీ ఎరువుల కర్మాగారంలో పనిచేసిన హెన్షెల్ ఇంజనుకు కొలిమి లేదు. బయటి బాయిలరు నుంచి అధిక పీడనంలో ఆవిరి నింపుకుని, అది ఉన్నంతసేపు నడిచేది. నిప్పురవ్వ పడకూడని చోట వాడే ఏర్పాటు అది. దాని క్యాబిన్ లోపలిని తీసి, మామూలు ఇంజను క్యాబిన్ ఫోటో పక్కన పెడితే కొలిమి తలుపు లేని తేడా తెలుస్తుంది. సర్ లెస్లీ విల్సన్ అనే కరెంటు ఇంజను బొంబాయి దగ్గరి కనుమల్లో గూడ్సు బండ్లను లాగిన తరగతిది. కరెంటుతో నడిచినా దానికి ఆవిరి ఇంజనుకు ఉన్నట్టే చక్రాలను కలిపే రాడ్లు ఉన్నాయి, తీయవలసింది వాటినే. 1875లో వేల్స్ యువరాజు కోసం, 1899లో మైసూరు మహారాజు కోసం తయారైన సెలూన్లను అద్దంలోంచే తీయవలసివస్తే లెన్సు హుడ్‌ను అద్దానికి ఆనించి, ఫ్లాషు లేకుండా తీయండి. హైదరాబాదు నుంచి వెళ్ళినవారు 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక వాహనాన్ని తప్పక చూడాలి, అది నిజాం రాజ్యం కోసం ఇంగ్లండు నుంచి తెప్పించినది. అది పట్టాల మీద నడిచేది కాకపోయినా దాని ఇత్తడి పనితనం కోసం కొంత సమయం కేటాయించండి. పోలరైజర్ (తళుకును తగ్గించే లెన్సు ఫిల్టరు) వాడితే ఇత్తడి మీది తళుకు తగ్గదు, రంగు మీది తళుకు తగ్గుతుంది, కాబట్టి రెండూ విడివిడిగా కనబడతాయి.

ఆవిరి మీద ఉన్న ఇంజనును కూడా చూసి తీరాలనుకునేవారు ఢిల్లీకి దగ్గరలో ఉన్న రేవాడీ షెడ్డుకు వెళ్ళాలి. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ ఒకప్పుడు ఢిల్లీ మ్యూజియంలో ఉండేది. 1997లో దాన్ని మళ్ళీ పట్టాల మీద నడిపారు, తరువాత అది రేవాడీకి చేరింది. 1965లో చిత్తరంజన్‌లో తయారైన అక్బర్ అనే డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజను కూడా అక్కడిదే. నిలిచి ఉన్న ఇంజన్లను ముందు బాగా తీయడం నేర్చుకున్నవారికి అక్కడ చాలా తేలికవుతుంది. ఆవిరి ఎక్కడినుంచి వస్తుందో, రాడ్ ఎప్పుడు కిందికి దిగుతుందో ముందే తెలుస్తుంది కాబట్టి షట్టరు నొక్కవలసిన క్షణం కోసం తడుముకోరు.

చివరగా, ఫోటోకు రాయవలసిన వివరాల సంగతి చెప్పి ముగిస్తాను. తీసిన రోజునే ఇంజను నంబరు, తరగతి, తయారుచేసినవారు, సంవత్సరం, గేజి, ఫోటో తీసిన తేదీ, ఏ వైపు నుంచి తీశారో రాసి పెట్టండి. కుడి, ఎడమ అనేవి డ్రైవరు ముందుకు చూస్తూ నిలబడినప్పుడు ఉండే కుడి ఎడమలే కావాలి, మన కెమెరావి కావు. రంగు కొత్తగా వేశారా, ఏదైనా భాగం లేదా అన్నది కూడా రాయండి. మ్యూజియంలో ఇంజనుకు మళ్ళీ రంగు వేసినప్పుడు, ఒక భాగం మార్చినప్పుడు, అంతకుముందు అది ఎలా ఉండేదో చెప్పగలిగేది మీ ఫోటో, దాని కింద మీరు రాసిన ఆ నాలుగు పంక్తులే.

ఇదే పని ఇంటిదగ్గర కూడా చేయవలసి ఉంది. బిట్రగుంట, కాజీపేట, గుంతకల్లు లోకో షెడ్లలో డ్రైవర్లుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా పనిచేసిన వారి కుటుంబాల్లో ఇంజను పక్కన నిలబడి దిగిన పాత ఫోటోలు ఉంటాయి. వాటి వెనుక పేరు తప్ప ఏమీ రాసి ఉండదు. ఆ పెద్దవాళ్ళ ఎదుట ఫోటో పెట్టి, ఇంజను నంబరు ఏమిటి, ఏ బండి లాగేది, పక్కన ఉన్నవారు ఎవరు, ఎండాకాలం క్యాబిన్‌లో ఎలా ఉండేది అని అడిగి, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకోండి. తరువాత ఆ ఫోటోను మంచి వెలుతురులో నకలు తీసి, అసలును వాళ్ళకే తిరిగి ఇచ్చేయండి. మీలో అటువంటి కుటుంబాల నుంచి వచ్చినవారు ఉంటే ఈ వారంలోనే మొదలుపెట్టమని కోరుతున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.